తథాస్తు దేవతలు తిరిగే వేళ

అహల్యమ్మ ఇంట్లో బియ్యం ఏనాడూ అయిపోలేదు. నిండుకునేవి, అంతే. దీపం ఏనాడూ ఆరిపోలేదు, కొండెక్కేది. ఎవరైనా గడప దాటుతూ నోరుజారి "పోతున్న" అన్నారో, వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, "పోయొస్త" అనిపించి మరీ పంపేది. పుట్టిందీ మెట్టిందీ మంథనిలోనే. భర్త పోయాక, కొడుక్కి బొగ్గుబాయిలో ఉద్యోగం వచ్చిందని గోదావరిఖని క్వార్టరుకు మారితే, ఈ పట్టింపులన్నీ సామానుతో పాటే లారీ ఎక్కి వచ్చాయి. వాటిలో అందరికంటే ముందు దిగినవాళ్ళు తథాస్తు దేవతలు.

వీళ్ళ సంగతి తెలియని తెలుగువాళ్ళుంటారా! దీపాలు పెట్టే వేళకు ఇళ్ళ మీదుగా తిరుగుతారట. ఎవరి నోట ఏ మాట వినబడితే దానికి "తథాస్తు" అనేసి తమ దారిన తాము పోతారట. అదేం చోద్యమో గానీ, చెడ్డమాటలే వాళ్ళ చెవిన పడతాయి. అహల్యమ్మ కూతురు వేదిక చిన్నప్పుడు సరిగ్గా సందెవేళ చూసుకుని పెరట్లో నిలబడి, క్లాసులో ఫస్టు రావాలి, ఫస్టు రావాలి అని గొంతు చించుకునేది. ఒక్క దేవతా పలికిన పాపాన పోలేదు. అదే ఒకసారి లెక్కల పరీక్ష చెడిపోయి "నేను సచ్చిపోత" అన్నందుకు తల్లి మూతి మీద చెళ్ళున ఒకటి వేసింది. ఆ దెబ్బ వేదికకు ఇప్పటికీ గుర్తే.

ఇప్పుడా వేదిక పెద్దపల్లిలో మొగుడూ కొడుకూ ఉన్న ఇల్లాలు. హైదరాబాదు కంపెనీకి ఇంట్లోనే కూర్చుని పని చేస్తుంది. ఆ పనేమిటో చెబితే పక్కింటివాళ్ళు నవ్వుతారు. ప్రెషర్ కుక్కర్లు కొన్నవాళ్ళు రాసిపంపే ఫిర్యాదులూ, తిట్లూ, శాపనార్థాలూ ఏఐ చేత చదివించడం. చదవడం దాని వంతే గానీ, ఏం వెతకాలో, ఎట్లా చెప్పాలో ఎవరో ఒకరు దానికి రాసివ్వాలి. దాన్నే ప్రాంప్టు అంటారు. "జనం ఏమంటున్నారు?" అని ఊరికే అడిగితే, "మిశ్రమ స్పందన ఉంది" అని నీళ్ళు నములుతుంది. "మూత ఎగిరి ఎవరికైనా కాలిందా? కాలితే ఆ వాక్యం ఎత్తి చూపించు. లేకపోతే లేదని చెప్పు. ఊహించకు" అని అడిగితే వేల ఉత్తరాల్లోంచి కాలిన చెయ్యిని బయటికి తీస్తుంది. కొత్తగా చేరినవాళ్ళకు వేదిక చెప్పే మొదటి పాఠం ఒక్కటే.

"మీ భయమేందో దానికి సూటిగ చెప్పుండ్రి. దానికి మొహమాటం లేదు, మీకెందుకు?"

చెప్పేవాళ్ళకు ఎంత సులువు! నెత్తి మీదికి వచ్చినప్పుడు గదా తెలిసేది.

వచ్చింది తమ్ముడి రూపంలో. కౌండిన్య బాయిలో అండర్ మేనేజరు, అంటే ఒక షిఫ్టు పని మొత్తం చూసుకునే ఆఫీసరు. ఇంకా పెళ్ళి కాలేదు. అదే బాయిలో ఇంకో అండర్ మేనేజరు శివ. ఇద్దరూ ఒకే కాలేజీ, ఒకే బండి మీద తిరిగినవాళ్ళు, ఒకరి డబ్బాలో అన్నం ఇంకొకరు లాక్కుని తిన్నవాళ్ళు. ఈ ఎండాకాలం వేదిక కొడుకు ఋత్విక్ ఒడుగు మంథనిలో జరిగింది. మేనమామ లేకుండా ఒడుగేమిటి? కానీ ఆ రోజు కౌండిన్యకు సెకండ్ షిఫ్టు పడింది. బాయి పనుల్లో షిఫ్టు మార్చుకోవడం పక్కింట్లో కరివేపాకు అడిగినంత మామూలు. "ఇయ్యాల నాది నువ్వు చెయ్యి, రేపు నీది నేను చేస్త" అంటే సరిపోతుంది. శివ సరే అన్నాడు. "అరిసెలు మాత్రం మరవకు రా" అన్నాడట.

ఆ షిఫ్టు దిగి బండి మీద ఇంటికి వస్తుంటే, రోడ్డు మలుపులో శివను లారీ గుద్దింది. అరిసెల డబ్బా కౌండిన్య బ్యాగులోనే ఉండిపోయింది.

అహల్యమ్మ ఇంట్లో శివ చనిపోలేదు. "ఆ పిలగాడు మనకు దక్కలే" అంది ఆవిడ, కళ్ళు ఒత్తుకుంటూ. తర్వాత ఆ పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు. కొడుకు మనసు కుదుటపడాలంటే ఇదే మందని ఆవిడ నమ్మకం. ప్రేమతోనే చేసింది, పాపం. కొడుకూ ఎత్తలేదు. ఎత్తకుండా డ్యూటీకి పోయాడు, వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు. మార్పల్లా ఒక్కటే. ఎవరు షిఫ్టు మార్చుకుందామన్నా కాదనేవాడు కాదు. పండుగ డ్యూటీలు, ఆదివారం డ్యూటీలు, అందరూ వద్దన్న నైట్ డ్యూటీలు అన్నీ తన మీద వేసుకునేవాడు. తన షిఫ్టు మాత్రం మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు.

అక్కకు రోజూ వాట్సాపులో మెసేజులు పెట్టేవాడు. ముందు వాటిలో కోపం ఉండేది, విసుగు ఉండేది. వానలు మొదలయ్యాక అవి నెమ్మదించాయి. వేదిక సంతోషించింది కూడా. కానీ తర్వాత ఒక్కొక్కటీ వేరే రకంగా రావడం మొదలైంది.

"అమ్మ బీపీ గోలీలు వంటింట్ల పై అరలో పెట్టిన, నీకు తెలిసుండాలె గదా."

"నా కెమెరా ఋత్విక్‌కు ఇస్త. వాడు మంచిగ వాడుకుంటడు."

"అక్కా, నీ ఇంట్ల అమ్మకొక గది ఉంటే మంచిగుంటది. ఊకెనే అంటున్న."

"ఈ మధ్య నాకు మంచిగ నిద్ర పడుతుంది. ఫికర్ చెయ్యకు."

వేదిక వాటిని మళ్ళీ మళ్ళీ తెరిచి చదివేది. ఎందుకో చెప్పమంటే చెప్పలేదు. ఫోన్ చేస్తే "మంచిగున్న అక్కా" అంటాడు. తల్లిని అడిగితే "వానికేమైతది, బంగారమసొంటోడు, దిష్టి పెట్టకు" అంటుంది. ఇక ఎవరిని అడగాలి? చేతిలో ఉన్న విద్య ఒక్కటే. మెసేజులన్నీ కాపీ చేసి ఏఐ ముందు పెట్టింది.

మొదటి ప్రాంప్టు ఇట్లా రాసింది: "ఇవి నా తమ్ముడి మెసేజులు. ఇతని మనసు ఎట్లా ఉందో చెప్పు."

జవాబు వెంటనే వచ్చింది. "మీ తమ్ముడు బాధ్యత గల వ్యక్తి. కుటుంబ అవసరాలను ముందుగానే ఆలోచించి చక్కగా సర్దుతున్నారు. ఇటీవలి మెసేజుల్లో ప్రశాంతత పెరిగింది." ఇంకా కింద, ఇంత మంచి తమ్ముడున్నందుకు ఆమెకు అభినందనలు కూడా ఉన్నాయి.

వేదికకు హాయిగా ఉండాలి. ఉండలేదు. మర్నాడు మళ్ళీ కూర్చుంది. నువ్వు మనస్తత్వ నిపుణుడివి అని రాసింది. తమ్ముడి వయసు, ఉద్యోగం, షిఫ్టులు రాసింది. శివ సంగతి రాయబోయి, "ఇటీవల ఒక బాధాకర సంఘటన జరిగింది" అని ఊరుకుంది. చివర్న అసలు ప్రశ్న. "ఇతను ఏమైనా..." అని మొదలుపెట్టి, చెరిపి, మళ్ళీ మొదలుపెట్టి, చెరిపి, ఆఖరికి "జరగరానిది ఏదైనా జరిగే అవకాశముందా?" అని రాసింది.

"షిఫ్టు పనుల వల్ల అలసట కనిపిస్తోంది. ఉద్యోగం మానేసే ఆలోచన ఉండవచ్చు. తగినంత నీరు తాగడం, వ్యాయామం, కుటుంబంతో సమయం మేలు చేస్తాయి" అంది ఏఐ.

నీరు తాగాలట! వేదికకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. దాన్ని తిట్టి ఏం లాభం? అడిగినదానికి చెప్పింది. కుక్కర్ మూత గురించైతే నిప్పులాంటి ప్రాంప్టు రాస్తుంది, తోడబుట్టినవాడి గురించి రాసేసరికి వేళ్ళకు పక్షవాతం కొట్టింది.

మధ్యాహ్నం సుప్రజ ఫోన్ చేసింది. సుప్రజ ఆమెకు టీమ్ లీడరు. వాళ్ళ నాన్న గుంటూరు నుంచి ఇంజనీరుగా వచ్చి రామగుండంలో స్థిరపడ్డాడు. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా ఇంటి యాస పోలేదు.

"ఏంటే, రిపోర్టు ఇంకా రాలేదు? ఒంట్లో బాగాలేదా?"

"మంచిగనే ఉన్న. ఒక ప్రాంప్టు కుదుర్తలేదు సుప్రజా. మా చుట్టాలబ్బాయిది." అని రాసింది చదివి వినిపించింది.

సుప్రజ నవ్వేసింది. "ఇదేం ప్రాంప్టే తల్లీ! జరగరానిదంటే ఏంటి? ఉద్యోగం పోవడమా, కాలు విరగడమా, ఎవరితోనైనా లేచిపోవడమా? కొత్తపిల్లలకు పాఠాలు చెప్పేది నువ్వేనా అసలు? నీ భయమేంటో రాశావా అందులో?"

అవతల నవ్వు ఆగిపోయింది.

"వేదికా... అదా?"

"అదే."

"చుట్టాలబ్బాయి కాదు గదా. మీ తమ్ముడు."

"ఊఁ."

"రాసెయ్యవే. ఆ మాట రాసెయ్యి. ఇప్పుడే."

"నాతోని అయితలేదు సుప్రజా. రాస్తే నిజమైతదేమో అనిపిస్తుంది. నవ్వకు."

"నవ్వట్లేదమ్మా" అంది సుప్రజ. "మా అమ్మా ఒప్పుకోదు అట్లాంటి మాటలు. కానీ రాయి."

ఫోన్ పెట్టేసి వేదిక కిటికీలోంచి చూసింది. మిట్టమధ్యాహ్నం. ఎండ గోడల మీద భగ్గుమంటోంది. ఈ వేళ దేవతలు తిరగరు. ఇంత చదువుకున్న మనిషి ఎండను చూసి ధైర్యం తెచ్చుకోవడమేమిటని తన మీద తనకే చీదర పుట్టింది. అయినా తెచ్చుకుంది. శివ పేరు రాసింది. షిఫ్టు మార్చుకున్నది రాసింది. అరిసెల డబ్బా కూడా రాసింది. ఆఖరున ఆ మాట రాసింది. నా తమ్ముడు చచ్చిపోవాలనుకుంటున్నాడా? ఏ మెసేజు చూసి అట్లా అంటున్నావో ఎత్తి చూపించు. లేకపోతే లేదని చెప్పు. ఊహించకు.

మెసేజులు అవే. ఒక్క అక్షరం మారలేదు. జవాబు మాత్రం మారిపోయింది. గోలీల మెసేజు ఎత్తి చూపింది. కెమెరా మెసేజు ఎత్తి చూపింది. అమ్మకొక గది అన్న మెసేజు ఎత్తి చూపింది. నిన్న మొన్న ప్రశాంతత అన్నదాన్నే ఇప్పుడు పట్టించుకోవలసిన సంకేతమంది. నేను వైద్యుణ్ణి కాను, ఖాయంగా చెప్పలేను, కానీ ఆలస్యం చేయకండి అంది. ఒంటరిగా వదలకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలి-మానస్ నంబరుకు ఫోన్ చేయండి అంది. ఇంకా ఇట్లా రాసింది: "చనిపోవాలనిపిస్తోందా అని అతన్ని నేరుగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. అతను చెప్పడం మొదలుపెడితే అడ్డుకోకండి. వినండి."

వేదిక భర్తకు ఫోన్ చేసి ఋత్విక్‌ను స్కూలు నుంచి తెచ్చుకోమని చెప్పి, కట్టుకున్న చీరతోనే బస్టాండుకు పరిగెత్తింది. బస్సు ఎంతకీ రాలేదు. వచ్చింది ఎక్కితే బొగ్గు లారీల వెనక నత్తనడక నడిచింది. కిటికీ పక్కన కూర్చుని ఆ ప్రశ్న పెదాల మీద వల్లించుకుంది. తమ్మీ, నీకు సచ్చిపోవాలె అనిపిస్తుందా? గంతే. గా ఒక్క ముక్క. పక్కనున్న ముసలామె "ఏం జపం జేస్తున్నవు బిడ్డా?" అని అడిగింది. ఏమని చెబుతుంది!

క్వార్టరు చేరేసరికి పొద్దు వాలింది. బస్సు అటూ ఇటూ తిరిగి తిరిగి సరిగ్గా ఆ వేళకే తెచ్చి దింపింది. కౌండిన్య వరండాలో కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు. గడ్డం నున్నగా గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. ఆ చొక్కా చూసి వేదిక మెట్టు మీదే ఆగిపోయింది.

"ఏందక్కా, చెప్పకుండ వచ్చినవ్?"

"ఊకెనే. అమ్మను చూద్దామని."

అహల్యమ్మ లోపలి నుంచి వచ్చి కూతుర్ని చూసి పొంగిపోయింది. "మంచిగ వచ్చినవ్ బిడ్డా. సర్వపిండి చేసిన, తిందువు. దీపం పెట్టొస్త ఉండు." అని దేవుడి గదిలోకి పోయింది.

అక్కాతమ్ముళ్ళిద్దరూ మిగిలారు. వేదిక గడప పక్కన నేల మీద కూర్చుంది. ఫోను ఒళ్ళో ఉంది, ఆ జవాబు తెరిచే ఉంది. నేరుగా అడగండి.

"తమ్మీ, నిన్నొకటి అడగాలె."

"అడుగు."

లోపల అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినబడింది.

"అన్నం... సక్కగ తింటున్నవా?"

కౌండిన్య ఆమె ముఖంలోకి చూశాడు. చిన్నప్పటి నుంచీ అక్క అబద్ధం వాడి దగ్గర దాగింది లేదు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"గిది అడగనీకి వచ్చినవా పెద్దపల్లి నుంచి?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అంతవరకే చేతనైంది.

"నీకు ఎరుకైందా అక్కా?" వాడి గొంతు పిల్లవాడి గొంతులా చీలిపోయింది. "నాకు ఎవ్వలకు చెప్పాల్నో తెలుస్తలేదే. వాడు నా డ్యూటీకి పోయిండు. నా షిఫ్టు అక్కా అది, నేను రావాల్సిన తొవ్వ. పొద్దుగాల కండ్లు తెరుస్తనే ఒక్కటే మాట మనసుల పడుతుంది. ఇంకెన్ని రోజులు, నేను గూడ సచ్చి—"

వేదిక చెయ్యి ఎప్పుడు లేచిందో వేదికకే తెలియదు. వాడి నోటికి అడ్డం పడింది.

"ఛీ! ఏం మాటరా అది! దీపాలు పెట్టే యాళ్ళ! అసొంటిది నోట్లకెల్లి రావద్దు!"

ఆ గొంతు ఆమెది కాదు. అచ్చం తల్లిది. దేవుడి గదిలో మోగుతున్న గంట టక్కున ఆగింది.

"ఏమైందే?" అని అహల్యమ్మ కేక.

వేదిక చెయ్యి తీసేసింది. చెయ్యంతా వాడి ఊపిరి తడి. వాడి కళ్ళలో ఇందాక తెరుచుకున్నదేదో మెల్లగా వెనక్కి పోవడం కనబడుతూనే ఉంది, పట్టుకుని ఆపడం ఎట్లాగో తెలియలేదు.

"ఏం లేదమ్మా" అన్నాడు కౌండిన్య. "తలనొస్తుందంటే అక్క ఫికర్ పడుతుంది."

"జండుబాం రాసుకో నాయినా. డ్యూటీ టైం దాక ఇంత పండుకో." గంట మళ్ళీ మొదలైంది.

వాడు లేచాడు. గ్లాసు తీసుకుని, కడిగి బోర్లించి, తన గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేశాడు. గడియ మాత్రం పెట్టలేదు. వేదిక ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించి విని, రానందుకు దేవుడికి దండం పెట్టుకుంది. ఒళ్ళోంచి ఫోను జారి కింద పడి ఉంది. అతను చెప్పడం మొదలుపెడితే అడ్డుకోకండి. చదివింది. బస్సులో చదివింది, దిగుతూ చదివింది, వల్లించుకుంది. ఇంకెంత సూటిగా రాస్తారు ఎవరైనా! యంత్రానికి చెప్పాల్సినట్టు చెబితే చేసింది. తనకే ఎవరు చెప్పినా ఎక్కలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. వాడికి వినబడకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాత వెళ్ళి తలుపు తోసింది. కౌండిన్య మంచం మీద కూర్చుని డ్యూటీ బూట్లు తుడుస్తున్నాడు.

"తమ్మీ. నేను తప్పు జేసిన. ఇందాక అన్నది మళ్ళ చెప్పు. ఇంటరా. మొత్తం ఇంట. నీ కాళ్ళు మొక్కుత."

వాడు తలెత్తి నవ్వాడు. ఈ మధ్య మెసేజుల్లో ఉండే నెమ్మదితనం ఆ నవ్వులో కనబడింది.

"ఏమన్న అక్కా? నేనేం అనలే గదా."

"అన్నవురా. సచ్చిపో... సచ్చిపోవాలె అనిపిస్తుందన్నవు." ఆఖరికి మాట బయటికి వచ్చింది. వచ్చాక ఆకాశం విరిగిపడలేదు. ఆలస్యంగా వచ్చింది, అంతే.

"నువ్వే గదా అసొంటిది అనొద్దన్నవు" అన్నాడు వాడు, కోపం లేకుండానే. "పో అక్కా, సర్వపిండి సల్లారుతుంది."

"రేపు దవాఖానకు పోదాం రా ఇద్దరం."

"చూద్దాం తీ."

"ఇయ్యాల డ్యూటీకి పోకు."

"నాతోటి డ్యూటీ జేసే నర్సింగం కాక బిడ్డ పెండ్లి. ఆయన షిఫ్టు నేను చేస్తనని మాటిచ్చిన. నేను పోకుంటే ఆయన పోవాలె అక్కా." బూటు మీద గుడ్డతో రుద్దుతూనే ఉన్నాడు.

ఆమె ఆ గది గడప మీదే కూలబడింది. లోపలికి పోతే వాడు మాట్లాడడు, బయటికి పోతే తన ప్రాణం ఒప్పదు. ఫోను తీసి టెలి-మానస్ నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల మోగుతోంది. వాడు బూట్లు వేసుకుని వస్తే తనను దాటుకునే పోవాలి. దాటనివ్వకూడదు. అంతకుమించి ఆమెకేమీ తోచలేదు.

హారతి పళ్ళెంతో వచ్చిన అహల్యమ్మ కూతుర్ని చూసి గతుక్కుమంది.

"అయ్యో, గడప మీద కూసుంటరానే దీపాల యాళ్ళ! ఇంటికి అరిష్టం. లే, లేవవే బిడ్డా!"

వేదిక లేవలేదు.